తేనెటీగ కూడా పురుగే

రష్యాలో ఉరల్ కొండల దక్షిణాన ఉన్న బష్‌కొర్తొస్తాన్‌లో తేనెటీగను 'బాల్ కొర్తొ' అంటారు. బాల్ అంటే తేనె, కొర్త్ అంటే పురుగు. చివరి 'ఒ' అంటే 'దాని'. వెరసి 'తేనె, దాని పురుగు'. మన 'తేనెటీగ'లో రెండు మాటలనూ కలిపే టకారం నడుమ వస్తే, అక్కడి బష్కీర్ భాషలో అతుకు చివర పడుతుంది.

బహువచనం మరీ తమాషా. గుర్రం 'ఆత్' అయితే గుర్రాలు 'ఆత్తార్'. గుర్రప్పిల్ల 'కొలొన్' అయితే పిల్లలు 'కొలొన్‌దార్'. తోడేలు 'బ్యురె' అయితే తోడేళ్లు 'బ్యురెలేర్'. ముందున్న ధ్వనిని బట్టి త, ద, ల మారిపోతాయి, అచ్చు కూడా దాని వెంటే నడుస్తుంది.

బష్కీర్, టర్కీ భాషలు చేరిన తుర్కిక్ కుటుంబపు పాత భాషల్లో ఈ పురుగు 'కుర్త్'. వోల్గా, ఉరల్ ప్రాంతాల్లో పాత 'ఉ' 'ఒ'గా, పాత 'ఒ' 'ఉ'గా తారుమారయ్యాయి. అందుకే కుర్త్ కొర్త్ అయింది, చెయ్యి అనే 'కొల్' 'కుల్' అయింది.

టర్కీలో మాత్రం కుర్త్ అంటే పురుగే కాదు, తోడేలు కూడా. 11వ శతాబ్దంలో నిఘంటువు రాసిన మహమూద్ కాష్గరీ అప్పుడే గమనించాడు: తుర్కులందరికీ ఇది పురుగు, టర్కీవాళ్ల పూర్వీకులైన ఒగుజ్ తెగవాళ్లకు తోడేలు. మందల మీద పడే మృగాన్ని అసలు పేరుతో పిలిస్తే వస్తుందన్న భయంతో ఇలా మార్చారని భాషావేత్తల మాట. మన పల్లెల్లో పాము కరిస్తే 'పురుగు ముట్టింది' అంటారు చూడండి, అదే జంకు.

బష్కీర్లకు ఆ అవసరం పడలేదు. తోడేలుకు పాత పేరే ఉంచుకుని, పురుగు మాటను తేనెకు తగిలించారు. అక్కడి బుర్జ్యాన్ అడవుల్లో ఇప్పటికీ, బతికున్న పైన్ మానులో, నేలకు చాలా ఎత్తున తొర్ర తొలిచి అడవి ఈగలను నిలుపుతారు. తోలు పట్టీ నడుముకూ మానుకూ చుట్టి ఎక్కుతారు. ఎవరి చెట్టో తెలిసేలా వంశపు గుర్తు చెక్కుతారు. ఆ చెట్ల దగ్గర ఉత్త 'కొర్త్' అంటే చాలు, ఏ పురుగో ఎవరూ అడగరు.

ఇక 'బష్‌కొర్త్' అన్న జాతి పేరుకు 'తల తోడేలు' అని ఒకరు, 'పెద్ద తేనెటీగ' అని ఇంకొకరు అర్థం చెబుతారు. మొదటిది నాకు నమ్మబుద్ధి కాదు. తమ భాషలో తోడేలు బ్యురె అయినప్పుడు, పేరులోకి మాత్రం ఒగుజ్‌ల తోడేలు ఎందుకొస్తుంది?