మాట పోయింది, మతి పోలేదు: పక్షవాతం వెనుక భాషా పరిశోధన

గుంటూరులోనైనా, విజయవాడలోనైనా పక్షవాతం వచ్చిన మనిషి మంచం దగ్గర బంధువులు డాక్టరును మొదట అడిగేది కాలూచెయ్యీ గురించే. మళ్లీ నడుస్తాడా, అన్నం తన చేత్తో తింటాడా అని అడుగుతారు. మాట సంగతి తర్వాత వస్తుంది. కుడి పక్క పడిపోయి, దాంతోపాటు మాట కూడా పోతే మనిషికి మతే పోయిందనుకుంటారు. ఆయన ఎదుటే పొలం పంపకాలూ అప్పుల లెక్కలూ మాట్లాడేస్తారు. ఆయన వింటూనే ఉంటాడు, చాలాసార్లు అందులో ఎక్కువ భాగం అర్థమవుతూనే ఉంటుంది. ఇంతకంటే పెద్ద అవమానం రోగికి మరొకటి ఉండదు.

మాట వేరు, తెలివి వేరు అని తేల్చడానికి వైద్యశాస్త్రానికీ చాలా కాలం పట్టింది. 1861లో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆస్పత్రిలో లెబోర్న్ అనే రోగిని పాల్ బ్రోకా అనే ఫ్రెంచ్ వైద్యుడు పరీక్షించాడు. ఏం అడిగినా ఆ రోగి నోట వచ్చేది ‘టాన్, టాన్’ ఒక్కటే. అడిగినదానికి వేళ్లతో సైగ చేసి జవాబు చెప్పేవాడు, అర్థం కాకపోతే కోప్పడేవాడు. ఆయన చనిపోయాక మెదడు చూస్తే ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. పదమూడేళ్ల తర్వాత, 1874లో, జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె దీనికి తిరగబడ్డ రకాన్ని వివరించాడు. ఈ రోగులు గడగడా మాట్లాడతారు, మాటలకు అర్థం ఉండదు, ఎదుటివాళ్ల మాటా సరిగా ఎక్కదు. ఈ రెండో రకమే ఇళ్లలో ఎక్కువ అపార్థాలకు దారితీస్తుంది. ‘పిచ్చి పట్టింది’ అనేస్తారు. వైద్యులు రెండింటినీ కలిపి అఫేసియా అంటారు.

మంచం దగ్గర పరీక్ష చూస్తే తేడా కళ్లకు కడుతుంది. ‘కళ్లు మూసుకోండి’ అంటే వెంటనే మూసుకుంటారు. తాళంచెవి చూపించి ఇదేమిటని అడిగితే పెదవులు కదులుతాయి, మాట రాదు. చెయ్యి మాత్రం గాలిలోనే తాళం తిప్పి చూపిస్తుంది. అదే మనిషి ఆదివారం, సోమవారం అని వరుస అందిస్తే శనివారం దాకా వెళ్లగలడు. చిన్నప్పటి నుంచి రోజూ చదివిన ‘శుక్లాంబరధరం’ మొత్తం అప్పజెప్పగలడు. మాట పెగలని కొందరు పాట పాడగలరు. తెనాలి నాటకాల పద్యాలు వింటూ పెరిగిన మన పల్లెల్లో ఇది వింతగా తోచకపోవచ్చు. 1973లో బోస్టన్ పరిశోధకులు దీన్నే చికిత్సగా మలిచారు. రోజూ అవసరమయ్యే చిన్న మాటలను రాగం తీస్తూ, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ పలికించడం ఆ పద్ధతి.

అయితే ఈ శాస్త్రమంతా చాలాకాలం ఐరోపా, అమెరికా రోగుల మీద, అక్కడి భాషల మీదే పెరిగింది. మన దగ్గరి పరిస్థితి వేరు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే కుటుంబాలు గుంటూరు, విజయవాడల్లో ఎన్నో. విజయవాడ వన్‌టౌన్‌లో వ్యాపారమే రెండు మూడు భాషల్లో నడుస్తుంది. అందుకే హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసిన పని మనకు ముఖ్యం. చదువు రానివారి విషయంలో కూడా, రెండు భాషలు మాట్లాడేవారికి మతిమరుపు జబ్బు ఆలస్యంగా మొదలవుతోందని 648 మంది రోగుల పరిశీలనతో 2013లో ఈ బృందం ప్రకటించింది. 2016లో 608 మంది పక్షవాత రోగుల వివరాలు వెలువరించింది. రెండు భాషలవారిలో 40.5 శాతం మందికి జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచాయి. ఒకే భాషవారిలో ఆ సంఖ్య 19.6 శాతమే.

అదే అధ్యయనంలోని మరో ఫలితాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అఫేసియా రావడంలో ఈ రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే రెండో భాష మాటకు కవచం కాదు. ఇతర దేశాల్లో ఇదే ప్రయోజనం కనిపించని అధ్యయనాలూ ఉన్నాయి, వాదన ఇంకా నడుస్తోంది. నాకు మాత్రం ఈ అంకెలకంటే వాటిని రాబట్టిన తీరు విలువైనదనిపిస్తుంది. పరీక్షను తెలుగుకు తగ్గట్టు మార్చి, చదువు రానివారినీ లెక్కలోకి తీసుకున్నారు.

చికిత్సలోనూ దారులు తెరుచుకున్నాయి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ పక్షవాతం వచ్చిన మూడు గంటల్లోపు ఇస్తే మేలని 1995లో తేలింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. పసరు వైద్యం కోసం ఊళ్లు తిరిగే కుటుంబాలు పోగొట్టుకునేది సరిగ్గా ఆ గంటలనే. మాట విషయంలో తొలి నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, ఆ తర్వాత కూడా ఆగిపోదు. స్పీచ్ థెరపీతో మేలు జరుగుతుందని 57 ప్రయోగాలను కలిపి చూసిన 2016 సమీక్ష చెప్పింది. ఏ భాష ముందు తిరిగి వస్తుందన్న వాదన పాతదే. మొదట నేర్చినదని 1880ల్లో రిబో, ఎక్కువగా వాడేదని 1895లో పీత్ర్ అనే ఫ్రెంచ్ పరిశోధకులు అన్నారు. ఇద్దరి సూత్రానికీ లొంగని రోగులు ఎందరో. కాబట్టి రోగి ఇంట్లో ఏ భాష, పనిలో ఏ భాష మాట్లాడేవాడో బంధువులు మొదటి రోజే థెరపిస్టుకు చెప్పాలి. ఏ భాషలో మొదలుపెట్టాలో ఆ తర్వాతే నిర్ణయించుకోవచ్చు.