గొర్రెకు వేసిన సూది, మనిషికి పనిచేయని మాత్ర

వానలు పడి నేల చిత్తడయ్యే రోజుల్లో అనంతపురం జిల్లా గొర్రెల కాపరులకు నీలి నాలుక భయం పట్టుకుంటుంది. జీవానికి జ్వరం వస్తుంది, మూతి వాస్తుంది, చొంగ కారుతుంది, మేత ముట్టదు, కుంటుతుంది. ఇక్కడ చాలా కుటుంబాలకు ఉన్న ఆస్తంతా ఆ జీవాలే. నాలుగు పడిపోయేసరికి కాపరికి టెన్షన్ మొదలవుతుంది. పశువుల డాక్టరు ఉండేది ఎక్కడో దూరంగా. గొర్రెల మంద ఉండేదేమో కొండ వారన. దాంతో మెడికల్ షాపులో ఒక సీసా కొని తానే సూది వేసేస్తాడు. ఆ సీసాలో తరచుగా ఉండేది ఆక్సీటెట్రాసైక్లిన్ లేదా ఎన్రోఫ్లాక్సాసిన్. రెండూ యాంటీబయాటిక్‌లే, అంటే బ్యాక్టీరియా మీద పనిచేసే మందులు.

నీలి నాలుక వైరస్ వల్ల వచ్చే జబ్బు. దోమకన్నా చిన్నవైన కుట్టే ఈగలు దాన్ని ఒక జీవం నుంచి ఇంకో జీవానికి మోస్తాయి. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. జబ్బుతో నీరసించిన గొర్రెకు న్యుమోనియా పట్టుకుంటేనో, నోటి పుండ్లు చీము పడితేనో డాక్టరు చూసి యాంటీబయాటిక్ ఇవ్వడం సరైనదే. అలా కాకుండా మందలో అన్నిటికీ కంటి అంచనాతో తలా కాస్త వేస్తే, ఆ మందు దెబ్బ తగిలేది గొర్రె పేగుల్లో ఉండే కోట్లాది బ్యాక్టీరియాకు. అందులో మామూలువి చస్తాయి. ఆ మందును తట్టుకునే జన్యువు ఉన్నవి బతికి, ఖాళీ అయిన చోటంతా నిండిపోతాయి. మోతాదు చాలకపోతే పరిస్థితి ఇంకా చెడుతుంది. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ ఉపన్యాసంలో, తక్కువ మోతాదు గురించి హెచ్చరించాడు.

"ఒంటికి మందు అలవాటైపోయింది" అని మనవాళ్ళు అంటుంటారు. నిజానికి మారేది మన ఒళ్ళు కాదు, అందులోని బ్యాక్టీరియా. వాటికి ఇంకో శక్తి కూడా ఉంది. తట్టుకునే జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ఉంటాయి. ఇరుగుపొరుగు చేబదులు ఇచ్చుకున్నట్టు, ఒక బ్యాక్టీరియా దాని నకలును పక్కదానికి అందిస్తుంది. పక్కది వేరే జాతిదైనా సరే. గొర్రె పేగుల్లోని నిరపాయమైన ఈ.కోలై అనే బ్యాక్టీరియా దగ్గర పుట్టిన తట్టుకునే గుణం, మనిషికి విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లాకు చేరవచ్చు.

ఇది ఊహ కాదని తేల్చిన ప్రయోగాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది స్టువర్ట్ లెవీ అనే అమెరికా శాస్త్రవేత్త చేసినది. ఆయన బృందం ఒక చిన్న ఫారంలో కొన్ని కోళ్ళకు ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టింది. వారం తిరిగేసరికి ఆ కోళ్ళ పేగుల్లో దాదాపు అన్నీ టెట్రాసైక్లిన్‌కు (ఆక్సీటెట్రాసైక్లిన్ ఆ కుటుంబంలోదే) లొంగని బ్యాక్టీరియానే. ఆ ఫారంలో ఉండే మనుషులు ఆ మందు మింగలేదు. అయినా 5, 6 నెలల్లో వాళ్ళ మల నమూనాల్లో 31 శాతంలో, ఉన్న బ్యాక్టీరియాలో 80 శాతానికి పైగా ఆ మందుకు లొంగనివే కనిపించాయి. ఇరుగుపొరుగు వాళ్ళ నమూనాల్లో అలాంటివి 7 శాతమే. 1976లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. లొంగని బ్యాక్టీరియా పేగుల్లో ఊరకే ఉండిపోగలదు. ఏళ్ళ తర్వాత ఎప్పుడో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి మాత్ర పనిచేయనప్పుడే దాని సంగతి బయటపడుతుంది.

మన జీవాలకూ మనకూ వాడే మందులు ఎంత దగ్గరివో చూడండి. ఎన్రోఫ్లాక్సాసిన్ పశువుల కోసం తయారైనది. అయితే పశువు ఒంట్లోకి వెళ్ళాక అందులో కొంత భాగం సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారిపోతుంది. అది మనకు డాక్టరు రాసే మాత్రే.

వాడకం ఆపేస్తే అంతా సర్దుకుంటుందా? డెన్మార్క్ అనుభవం చాలా నేర్పింది. అక్కడ కోళ్ళకు, పందులకు దాణాలో అవోపార్సిన్ అనే యాంటీబయాటిక్ కలిపేవారు. దానికి లొంగని బ్యాక్టీరియా, ఆసుపత్రుల్లో చివరి ఆసరాగా ఉంచుకునే వాంకోమైసిన్‌కు కూడా లొంగదు. 1995లో అవోపార్సిన్‌ను నిషేధించాక అయిదేళ్ళలో కోళ్ళలోని ఎంటెరోకాకస్ అనే పేగు బ్యాక్టీరియాలో అలా లొంగనివి 70 శాతం పైనుంచి 6 శాతం దగ్గరికి పడిపోయాయి. పందుల్లో మాత్రం తగ్గలేదు. ఎందుకంటే వాటికి టైలోసిన్ అనే వేరే మందు అప్పటికింకా పెడుతూనే ఉన్నారు. రెండు మందులనూ తట్టుకునే జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీద ఉన్నాయి. ఒక మందు వాడుతున్నంత కాలం రెండో దానికి సంబంధించిన గుణం కూడా నిలిచిపోయింది. టైలోసిన్ వాడకం ఆగాకే పందుల్లోనూ దిగింది. అందుకే ఒక్క మందును నిషేధించి ఊరుకుంటే పని పూర్తవదని నా అభిప్రాయం. మన దేశం 2019 జులైలో పశువులకు, కోళ్ళకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించడం మంచి నిర్ణయమే, కానీ అది మొదటి మెట్టు మాత్రమే.

ఇక మన పొలాల సంగతి. పంట కోశాక రాత్రిళ్ళు గొర్రెల మందను పొలంలో ఆపించుకోవడం రాయలసీమలో పాత అలవాటు. పెంటికలు, ఉచ్చ నేలకు బలం. ఆ ఎరువును నేను తప్పుపట్టను. మెట్ట నేలకు అంతకన్నా మేలైనది దొరకదు. కాకపోతే అనవసరంగా సూదులు వేసిన మంద అయితే, దాని పెంటికలతో పాటు లొంగని బ్యాక్టీరియా, వాటి జన్యువులు నేలకూ చెరువుకూ చేరతాయి. పాల విషయంలోనూ జాగ్రత్త కావాలి. కాచితే బ్యాక్టీరియా చస్తుంది కానీ పాలలో మిగిలిన మందు చాలావరకు అలాగే ఉంటుంది. సూది వేశాక ఎన్నాళ్ళు ఆగాలో సీసా మీద లేకపోతే, మన నిబంధనల ప్రకారం పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి.

అన్నిటికన్నా పెద్ద మార్పు తెచ్చేది టీకా. వానలకు ముందే చిటుకు రోగం టీకా, సమయానికి పీపీఆర్ (పారుడు రోగం), నీలి నాలుక టీకాలు పడితే ఆ సీసా కొనాల్సిన అవసరమే చాలావరకు రాదు. కాపరిని నిందించి లాభం లేదు. వానలు లేని ఏడు అతను మేత వెతుక్కుంటూ మందతో కాలువ కింది ఊళ్ళకు వెళ్ళిపోతాడు. టీకా వేసేవాళ్ళు పల్లెకు వచ్చేసరికి అక్కడ జీవాలు ఉండవు. కాపరులు ఎప్పుడు కదులుతారో వాళ్ళనే అడిగి, బయలుదేరక ముందే టీకాలు వేయాలి. వెళ్ళిన చోట కూడా ఆ మండలం పశువైద్యశాలలో వేయించుకునే వీలుండాలి.