ఆన్‌లైన్ అమ్మకందారుల్లో బీఐఎస్ అపోహలు: పీడీఎఫ్ మీ సరుకుదేనా?

భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లైసెన్సు గురించి "బీఐఎస్ ఉందా?" అని అడిగితే చాలామంది వెంటనే ఫోన్ తీసి, వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ చూపిస్తారు. విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ షాపులో కొన్నా, గుంటూరు పట్నం బజారులో కొన్నా, ఢిల్లీ నుంచి పార్శిల్ తెప్పించుకున్నా అదే తంతు. "అన్నీ ఉన్నాయి సార్, ఇప్పుడే పంపిస్తా" అంటాడు సప్లయర్. పంపిస్తాడు కూడా. లోగో, సంతకం, నంబరు అన్నీ ఉంటాయి. దాన్ని అప్‌లోడ్ చేస్తే లిస్టింగ్ లైవ్ అవుతుంది, ఆర్డర్లు మొదలవుతాయి. కొన్ని నెలలకు లిస్టింగ్ ఆగిపోతుంది, పేమెంటు నిలిచిపోతుంది. సరుకు వేర్‌హౌస్‌లో చిక్కుకుంటుంది. అప్పుడు ఆ పీడీఎఫ్‌ను శ్రద్ధగా చదివితే అందులో ఉన్న ఫ్యాక్టరీ వేరు, బ్రాండు వేరు. ఒక్కోసారి వస్తువే వేరు.

అప్పు చేసి సరుకు కొన్న చిన్న అమ్మకందారుకు ఇది మామూలు దెబ్బ కాదు. అందుకే అన్నిటికన్నా ముందు ఈ అపోహ సంగతి.

అపోహ: సప్లయర్ బీఐఎస్ సర్టిఫికెట్ ఇచ్చాడు కాబట్టి నా సరుకుకు బీఐఎస్ ఉన్నట్టే.

వాస్తవం: లైసెన్సు ఇచ్చేది కంపెనీ పేరుకు కాదు, ఒక చిరునామాలో ఉన్న ఒక ఫ్యాక్టరీకి. ఒక వస్తువుకు, ఒక ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) ప్రమాణానికి. అదే యజమానికి ఇంకో ఊళ్ళో ఇంకో ఫ్యాక్టరీ ఉంటే దానికి ఇంకో లైసెన్సు కావాలి. కాబట్టి పీడీఎఫ్ అసలుదే అయినా అది మీ చేతిలో ఉన్న పీసుకు వర్తిస్తుందా లేదా అన్నది వేరుగా తేల్చుకోవాలి. పీసు చేతిలో పెట్టుకుని చూస్తేనే అది తేలుతుంది.

ముందు మీ వస్తువుకు ఏ గుర్తు ఉండాలో తెలుసుకోండి. ఇస్త్రీ పెట్టె, నీళ్ళు కాచే రాడ్, ప్రెషర్ కుక్కర్, హెల్మెట్, పిల్లల బొమ్మలు ఇలాంటివాటికి ఐఎస్ఐ మార్కు ఉండాలి. ఆ గుర్తుకు పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. ఇస్త్రీ పెట్టెకు ఐఎస్ 366, రాడ్‌కు ఐఎస్ 368, కుక్కర్‌కు ఐఎస్ 2347, టూవీలర్ హెల్మెట్‌కు ఐఎస్ 4151. పవర్ బ్యాంకు, మొబైల్ చార్జరు, ఎల్ఈడీ బల్బు, బ్లూటూత్ స్పీకరు లాంటివి రిజిస్ట్రేషన్ పద్ధతి కిందకి వస్తాయి. వీటి గుర్తు వేరు. పైన ఐఎస్ నంబరు, కింద ఆర్ అక్షరం, ఒక గీత, 8 అంకెలు. పవర్ బ్యాంకు మీద ఐఎస్ఐ మార్కు, సీఎం/ఎల్ నంబరు కనిపిస్తే సంతోషించకండి. ఉండకూడని గుర్తు ఉందంటే ఎవరో ఇష్టమొచ్చినట్టు అచ్చు వేశారని అర్థం.

తర్వాత ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకోండి. ఉచితం. ఐఎస్ఐ మార్కు వస్తువుకు లైసెన్సు వివరాలు చూసే చోట సీఎం/ఎల్ నంబరు కొట్టండి. ఎలక్ట్రానిక్స్‌కు ఆర్ నంబరు చూసే చోట ఆ నంబరు కొట్టండి. పీడీఎఫ్‌లో ఉన్న నంబరు కాదు, పీసు మీదా డబ్బా మీదా అచ్చయిన నంబరు కొట్టాలి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

యాప్‌లో "ఉంది" అని రాగానే ఆగిపోవద్దు. తెరమీద వచ్చిన ఫ్యాక్టరీ పేరు, చిరునామా డబ్బా మీద "తయారీదారు" అని ఉన్న చోట రాసినదానితో కలవాలి. వస్తువు పేరు కలవాలి. బ్రాండు కలవాలి. ఎలక్ట్రానిక్స్ అయితే మోడల్ నంబరు కూడా అక్షరం తేడా లేకుండా కలవాలి. రిజిస్ట్రేషన్‌లో చివర ఏ అని ఉండి, మీ డబ్బా మీద చివర బీ అని ఉంటే అది వేరే మోడలే. ఇక లైసెన్సు నడుస్తోందా, గడువు ముగిసిందా, రద్దయిందా చూడండి. డబ్బా మీద ఉన్న తయారీ నెలను లైసెన్సు తేదీలతో పోల్చండి. లైసెన్సు ఆగిపోయాక తయారైన సరుకు మీద ఆ నంబరు ఉన్నా అది చెల్లదు.

పవర్ బ్యాంకుల్లో ఒక మోసం పదేపదే కనబడుతుంది. లోపల ఉండే లిథియం సెల్‌కు ఐఎస్ 16046 కింద ఒక ఆర్ నంబరు ఉంటుంది. మొత్తం పవర్ బ్యాంకుకు దాని సొంత రిజిస్ట్రేషన్ వేరుగా ఉండాలి. కొందరు సెల్ నంబరునే తీసుకొచ్చి డబ్బా మీద వేస్తారు. యాప్‌లో కొడితే నంబరు దొరుకుతుంది, నడుస్తూనే ఉంటుంది, కొన్నవాడికి ధైర్యం వస్తుంది. కానీ వస్తువు పేరు దగ్గర పవర్ బ్యాంకు అని కాకుండా సెల్ అనో బ్యాటరీ అనో ఉంటుంది. ఆ ఒక్క వరుస చదివితే చాలు, మోసం తెలిసిపోతుంది.

బొమ్మల్లోనూ ఇలాంటిదే ఉంది. బ్యాటరీతో లైటు వెలిగినా, పాట పాడినా అది ఎలక్ట్రిక్ బొమ్మే, దానికి ఐఎస్ 15644 కావాలి. మామూలు బొమ్మలకు ఐఎస్ 9873. సప్లయర్‌కు రెండోది మాత్రమే ఉంటుంది, కానీ లైట్లు వెలిగే బొంగరాన్ని కూడా అదే నంబరుతో అంటగడతాడు. పీడీఎఫ్ నిజం, ఫ్యాక్టరీ నిజం, మీ సరుకు మాత్రం చట్టవిరుద్ధం.

సొంత బ్రాండు పెట్టుకోవాలనుకునేవాళ్ళు ఇంకో అడుగు జాగ్రత్తగా వేయాలి. వేరేవాళ్ళు చేసిన చార్జరు మీద మీ స్టిక్కరు అంటించగానే ఆ రిజిస్ట్రేషన్ మీ సరుకుకు వర్తించకుండా పోతుంది. ఎలక్ట్రానిక్స్‌లో ప్రతి ఫ్యాక్టరీకి, ప్రతి బ్రాండుకు రిజిస్ట్రేషన్ వేరు. మీ ట్రేడ్‌మార్కు వాడుకోవచ్చని మీరు రాతపూర్వకంగా ఇవ్వాలి, దాంతో ఫ్యాక్టరీవాళ్ళు మీ బ్రాండు పేరిట దరఖాస్తు పెట్టాలి, నంబరు రావాలి, ఆ తర్వాతే డబ్బాలు అచ్చు వేయించాలి. డబ్బాలు ముందు వేయించి నంబరు కోసం ఎదురుచూసేవాళ్ళు చివరికి డబ్బాలన్నీ పారేస్తారు. ఐఎస్ఐ మార్కు వస్తువుల్లో కూడా తయారీదారు మీ బ్రాండును తన లైసెన్సు వివరాల్లోకి ఎక్కించాకే అమ్మాలి.

టెస్ట్ రిపోర్టు చూపించి ఇదే లైసెన్సు అనేవాళ్ళూ ఉన్నారు. ల్యాబ్ రిపోర్టు దరఖాస్తుకు జత చేసే కాగితం మాత్రమే. దానితో గుర్తు వేసుకునే హక్కు రాదు.

అపోహ: తప్పు తయారీదారుది. మహా అయితే ప్లాట్‌ఫారంది. నేను అమ్మేవాణ్ణే కదా.

బీఐఎస్ చట్టం, 2016లోని సెక్షన్ 17 తయారీ ఒక్కదాన్నే ఆపలేదు. తప్పనిసరి గుర్తు లేని సరుకును దిగుమతి చేయడం, పంపిణీ చేయడం, అమ్మడం, అద్దెకివ్వడం, నిల్వ ఉంచడం, అమ్మకానికి ప్రదర్శించడం అన్నీ నిషేధమే. అంటే మీ గోడౌన్‌లో పెట్టినా తప్పే, లిస్టింగ్ పెట్టినా తప్పే. ఆ చట్టంలో శిక్ష రెండేళ్ళ దాకా జైలు, లేదా మొదటిసారి కనీసం 2 లక్షలు, తర్వాత కనీసం 5 లక్షల జరిమానా, లేదా రెండూ. జరిమానా సరుకు విలువకు 10 రెట్ల దాకా పోవచ్చు. ఇవి చదివి భయపడిపోయి వ్యాపారం మూసేయక్కరలేదు. పైన చెప్పిన పరీక్ష ప్రతి కొత్త లాటుకూ చేసుకుంటే ఇంత దూరం రాదు.

ప్లాట్‌ఫారం మిమ్మల్ని కాపాడుతుందన్న ఆశ మాత్రం వద్దు. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ, ప్రమాణాలకు తగని ప్రెషర్ కుక్కర్లు అమ్ముడైనందుకు అమెజాన్‌కూ ఫ్లిప్‌కార్ట్‌కూ చెరో లక్ష జరిమానా వేసింది. అమెజాన్‌లో అమ్ముడైనవి 2,265 కుక్కర్లు, ఫ్లిప్‌కార్ట్‌లో 598. కొన్నవాళ్ళందరికీ తెలియజేసి, కుక్కర్లు వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగివ్వాలని ఆదేశించింది. 2025 మార్చిలో బీఐఎస్ ఢిల్లీలో ఈ సంస్థల వేర్‌హౌస్‌లలోనే సోదాలు చేసి గుర్తు లేని గీజర్లు, మిక్సీలు, బూట్లు పట్టుకుంది. లిస్టింగ్ ఆమోదం పొందిందంటే ఫారంలో గడులు నిండాయని అర్థం, సరుకు సరైనదని ఎవరో చూసి చెప్పినట్టు కాదు.

అపోహ: ఏజెంటుకు డబ్బు కడితే అమ్మకందారు పేరు మీద బీఐఎస్ వస్తుంది.

రాదు. లైసెన్సు తయారీదారుకే ఇస్తారు. విదేశీ ఫ్యాక్టరీ అయినా అంతే, అది ఇక్కడ ఒక ప్రతినిధిని పెట్టుకుని తన పేరు మీదే తీసుకోవాలి. "సెల్లర్ బీఐఎస్" అని డబ్బు అడిగేవాడు మీకు ఏ కాగితం తెచ్చిచ్చినా దానికి విలువ లేదు. లిస్టింగ్ ఆగిపోయిన కంగారులో ఉన్నవాళ్ళనే వీళ్ళు పట్టుకుంటారు. చూస్తుంటే కడుపు మండుతుంది. అనుమానం ఉంటే విజయవాడలోనే బీఐఎస్ బ్రాంచి ఆఫీసు ఉంది, అక్కడ అడగండి.

అపోహ: సీఈ గుర్తు ఉంది, ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ.

సీఈ యూరప్ మార్కెట్టు కోసం. చాలా వస్తువులకు తయారీదారే తనంతట తాను ప్రకటించుకుని వేసుకునే గుర్తు. మన దగ్గర అది బీఐఎస్‌కు బదులు కాదు. అక్షరాల మధ్య దూరాన్ని బట్టి అది చైనా ఎక్స్‌పోర్ట్ అనే వేరే గుర్తు అని తిరిగే ఫార్వర్డు కూడా పుకారే. అలాంటి అధికారిక గుర్తేదీ లేదు.

అపోహ: డబ్బా మీద "14 ఏళ్ళు పైబడినవారికి" అని వేస్తే బొమ్మలకు ఐఎస్ఐ అక్కరలేదు.

2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న బొమ్మల ఉత్తర్వు చూసేది ఆ వస్తువు ఎవరు ఆడుకోవడానికి తయారైందన్నదే. గిలక్కాయ మీద ఏ వయసు రాసినా అది గిలక్కాయే. మినహాయింపు నిజంగా ఉన్నది వేరేవాళ్ళకు. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న వస్తువుల నమోదిత వినియోగదారులకు అది వర్తిస్తుంది. కొండపల్లి బొమ్మలకు ఆ గుర్తింపు ఉంది. కానీ అమ్మేవాడు విజయవాడవాడైనంత మాత్రాన చాలదు. చేసిన కళాకారుడి నమోదు కార్డు కాపీ, ఆయన దగ్గర కొన్న బిల్లు మీ ఫైల్లో ఉండాలి. అదే ఆకారంలో ఎక్కడో మిషన్ మీద చేసిన ప్లాస్టిక్ బొమ్మకు ఈ దారి లేదు.

అపోహ: పాత స్టాకు ఎప్పుడైనా అమ్ముకోవచ్చు.

ఆ వస్తువుకు బీఐఎస్ గుర్తును తప్పనిసరి చేస్తూ వచ్చిన నాణ్యత నియంత్రణ ఉత్తర్వు చదవండి. కొన్నింటిలో అమలు తేదీకి ముందు తయారైన సరుకు అమ్ముకోవడానికి గడువు ఇస్తారు, కొన్నింటిలో ఇవ్వరు. సూక్ష్మ, చిన్న యూనిట్లకు అమలు తేదీలు తరచూ వేరుగా ఉంటాయి, కాబట్టి తయారీదారు చిన్న యూనిట్‌గా నమోదైనట్టు చూపే ఉద్యమ్ సర్టిఫికెట్ కాపీ కూడా అడిగి ఉంచుకోండి. తేదీలు వాయిదా పడుతూ కూడా ఉంటాయి. యూట్యూబ్ వీడియో చూసి కాదు, గెజిట్ చూసి నిర్ణయించుకోండి.

మిగతావి గబగబా. పచ్చళ్ళు, కారం, పొడులు అమ్మేవాళ్ళకు కావలసింది బీఐఎస్ కాదు, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు. ఇంట్లో చేసి అమ్మినా కావాలి. కారానికి అగ్‌మార్క్ (వ్యవసాయ ఉత్పత్తుల నాణ్యత గుర్తు) ఉంటే మంచిదే, గుంటూరు కారం అయినంత మాత్రాన తప్పనిసరి కాదు. చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు హాల్‌మార్కు వర్తించదు, కానీ లిస్టింగ్‌లో "916" అని రాయకండి, అది బంగారం స్వచ్ఛతను చెప్పే అంకె. ప్యాకెట్టులో అమ్మే ప్రతి వస్తువుకూ లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల చట్టం) వివరాలు కావాలి: తయారీదారు లేదా ప్యాకరు చిరునామా, నికర పరిమాణం, తయారీ నెల, అన్ని పన్నులతో ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ వివరాలు, దిగుమతి అయితే ఏ దేశానిదన్నది. తయారీ నెల తప్ప ఇవన్నీ లిస్టింగ్ పేజీలో కూడా కనబడాలి. దిగుమతిదారు స్టిక్కరు అంటించినంత మాత్రాన బీఐఎస్ గుర్తు అవసరం తీరిపోదు.

లిస్టింగ్ ఇప్పటికే ఆగిపోయి ఉంటే ముందు అదే సరుకును వేరే కేటగిరీలో, వేరే పేరుతో మళ్ళీ పెట్టకండి. ఫోటోలో ఐఎస్ఐ మార్కు ఎడిట్ చేసి అతికించకండి. కాగితాలు సరిగ్గా లేకపోతే లిస్టింగ్ ఒక్కటే పోతుంది, ఈ రెండు పనులు చేస్తే అకౌంటే పోవచ్చు. ఒక పీసు తీసుకుని పగటి వెలుతురులో డబ్బా ఆరు వైపులా, పీసు మీద గుర్తు దగ్గరగా, నంబరు చదవగలిగేలా ఫోటోలు తీయండి. యాప్‌లో ఆ నంబరుకు వచ్చిన తెర, మోడలూ బ్రాండూ రాసి ఉన్న కొనుగోలు బిల్లు జత చేయండి. "ఎలక్ట్రానిక్ ఐటమ్స్" అని మాత్రమే రాసిన బిల్లు ఎందుకూ పనికిరాదు. కొనేటప్పుడే మోడల్ నంబరు వేయించుకోవాలి. లిస్టింగ్ టైటిల్లో ఉన్న బ్రాండు, మోడల్ వీటితో కలవకపోతే అప్పీలుకు ముందు టైటిల్ సరిచేయండి.

అన్నీ పోల్చాక సరుకు నిజంగానే సరైనది కాదని తేలితే అప్పీలు పెట్టి నెట్టుకురావాలని చూడొద్దు. అన్ని ప్లాట్‌ఫారాల్లో లిస్టింగులు తీసేయండి, వేర్‌హౌస్ నుంచి స్టాకు వెనక్కి రప్పించండి, సప్లయర్‌కు కారణం రాసి డెబిట్ నోటుతో తిప్పి పంపండి. అతను ఇచ్చిన పీడీఎఫ్, "అన్నీ ఉన్నాయి" అన్న వాట్సాప్ మెసేజీ చెరిపేయకుండా దాచండి. డబ్బు రాబట్టుకునేటప్పుడు మీకు పనికొచ్చే కాగితాలు అవే.