అరటిపండు మీద మచ్చ, లోపల మారిపోయే రసాయన లెక్కలు

నిల్వ గదిలో అరటిపండు మీద నల్లమచ్చ లేవగానే అందరి అనుమానమూ ఆ గది మీదికే పోతుంది. ఆ మచ్చ వేసే శిలీంధ్రం కొల్లెటోట్రైకమ్ మ్యూసే మాత్రం చాలాసార్లు తోటలోనే కాయకు పట్టి ఉంటుంది. ఎండుటాకుల మీద, కాయ చివర ఎండి వేలాడే పూల మీద దాని బీజాలు తయారవుతాయి. వాన నీటి తుంపరలతో లేత కాయ మీద పడి, మొలకెత్తి, తొక్కకు అతుక్కునే చిన్న గట్టి బుడిపెను కట్టుకుని, అక్కడితో ఆగిపోతాయి. పచ్చితొక్కలోని ఫీనాలిక్ పదార్థాలు, టానిన్లు వాటిని ముందుకు సాగనివ్వవు.

ఈ నిద్రను చెదరగొట్టేది ఎథిలీన్. పండడానికి కాయ తానే విడుదల చేసుకునే ఈ వాయువును శిలీంధ్రం కూడా పసిగడుతుంది. దాని ప్రభావంతో కొల్లెటోట్రైకమ్ బీజాలు మొలకెత్తి, ఒక్కొక్కటి అనేక అతుకు బుడిపెలు కడతాయని 1994లో ఫ్లైష్‌మాన్, కొలత్తుకుడి ప్రయోగాలతో చూపించారు. కాయ మెత్తబడి, రక్షణ పదార్థాలు తగ్గి, తీపి చేరే సమయం శిలీంధ్రానికి ముందే తెలిసిపోతుందన్నమాట. సోకిన కాయ ఎథిలీన్ మరింత వదులుతుంది కాబట్టి పక్క కాయలూ అనుకున్నదానికంటే ముందే మాగుతాయి.

లోపలికి చొరబడ్డాక మొదటి దెబ్బ కణాల గోడల మీద పడుతుంది. కణాన్ని కణంతో కలిపి ఉంచే పెక్టిన్‌ను పాలీగెలాక్టురొనేజ్, పెక్టేట్ లయేజ్ ఎంజైములు కోసేస్తాయి. పండు తన ఎంజైములతో నెమ్మదిగా చేసుకునే పనినే శిలీంధ్రం హద్దు లేకుండా చేస్తుంది. కణరసం బయటికి ఊరి, మచ్చ కుంగుతుంది.

అసలు ఆసక్తికరమైన భాగం చక్కెరలది. పచ్చికాయ గుజ్జు బరువులో సుమారు 20 శాతం పిండి పదార్థం ఉంటుంది, చక్కెరలు ఒకటి రెండు శాతమే. పూర్తిగా పండేసరికి ఈ లెక్క తలకిందులవుతుంది. శిలీంధ్రం తన అమైలేజ్‌తో పిండిని, ఇన్వర్టేజ్‌తో సుక్రోజ్‌ను విడగొడుతుంది. అందుకే మచ్చ తొలిదశలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ పెరిగినట్టు కనిపించి, తర్వాత వేగంగా పడిపోతాయి. తెగులు సోకితే చక్కెర పెరుగుతుందని ఒకరు, తగ్గుతుందని మరొకరు చెబితే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ముందు అడగవలసింది నమూనా ఎన్నో రోజున తీశారని.

పడిపోయిన చక్కెర ఎటు పోయిందంటే, కొంత శిలీంధ్ర దేహంగా మారుతుంది, మిగిలింది శ్వాసక్రియలో ఖర్చవుతుంది. 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా ఖర్చయితే 264 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 108 గ్రాముల నీరు, సుమారు 2,800 కిలోజౌళ్ల శక్తి వెలువడతాయి. ఆ శక్తిలో ఎక్కువ భాగం వేడిగా బయటపడుతుంది. కుళ్ళు మొదలైన పెట్టె మధ్యలో చెమ్మ, వెచ్చదనం పేరుకోవడానికి ఇదొక కారణం.

ప్రోటీన్ లెక్కలో ఇంకా జాగ్రత్త కావాలి. సోకిన పండులో ప్రోటీన్ పెరిగిందని చెప్పే అంకెలు తరచూ నైట్రోజన్‌ను కొలిచి, దాన్నుంచి ప్రోటీన్‌ను అంచనా వేసే 6.25 అనే గుణకంతో గుణించగా వచ్చినవే. శిలీంధ్రం గోడలోని కైటిన్‌లో దాదాపు 7 శాతం నైట్రోజన్ ఉంటుంది. అది ప్రోటీన్ కాదు, అయినా ఆ లెక్కలో కలిసిపోతుంది. పైగా చక్కెర ఖర్చయి పొడి బరువు (నీరంతా పోయాక మిగిలే బరువు) తగ్గితే మిగతా పదార్థాల శాతం ఊరికే పెరిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి తాజా బరువు మీదా, పొడి బరువు మీదా, మొదట తూచిన కాయ బరువు మీదా అన్నది చెప్పని అంకెను నేను నమ్మను.

రంగు మారడానికి మూలం తొక్కలో పుష్కలంగా ఉండే డోపమిన్. కణాలు చిట్లగానే పాలీఫీనాల్ ఆక్సిడేజ్ దాన్ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి క్వినోన్లుగా మారుస్తుంది, అవి పెనవేసుకుని గోధుమ, నలుపు రంగులు తేలతాయి. ఆ క్వినోన్లను వెనక్కి మళ్లించడంలో విటమిన్ సి ఖర్చవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పండు బాగా మాగినప్పుడు వచ్చే చుక్కలు వేరు: అవి చిన్నవి, పొడిగా తొక్క వరకే ఉంటాయి. తెగులు మచ్చ కుంగి, పెరిగి, తేమలో నారింజ గులాబీ రంగు బీజాల ముద్దలు కడుతుంది. గుజ్జు మెత్తబడితే మచ్చ వరకు కోసేసి తినడం సరికాదు. శిలీంధ్రపు తంతువులు కంటికి కనిపించే హద్దు దాటి ఉంటాయి, పైగా కుళ్ళులో చేరే ఫ్యుజేరియం అనే మరో శిలీంధ్రపు జాతుల్లో కొన్ని విషపదార్థాలు తయారుచేస్తాయి.

హస్తాలను గెల నుంచి కోసిన చోట వచ్చే మొదలు కుళ్ళు మరో దారి. ఇందులో కొల్లెటోట్రైకమ్‌తో పాటు ఫ్యుజేరియం, లాసియోడిప్లోడియా శిలీంధ్రాలు కూడా చేరతాయి. మొద్దు కత్తితో నలిగిన కోత, సొన కారి మురికిపట్టిన తొట్టి నీళ్లు వాటికి తలుపు తీస్తాయి. క్రిములను చంపడానికి ఆ నీళ్లలో కలిపే క్లోరిన్‌ను సొన మింగేస్తుంది. నీటి పీహెచ్ 8 దాటితే మిగిలిన క్లోరిన్ కూడా బలహీనపడుతుంది. కాబట్టి పీహెచ్ 6.5–7.5 మధ్య ఉంచి, క్లోరిన్‌ను మధ్యమధ్యలో కొలిచి, నీళ్లు మార్చాలి. కడిగాక 13–14 డిగ్రీల సెల్సియస్‌లో నిల్వ చేస్తే శిలీంధ్రం చావదు గానీ బాగా మందగిస్తుంది. ఇంకా చల్లబరిస్తే చలిదెబ్బకు తొక్క బూడిదరంగుకు తిరిగి, దాని ప్రతిఘటనే తగ్గిపోతుంది.

మాగబెట్టే గదిలో 16–18 డిగ్రీల వద్ద 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు వంద వంతులు) వరకు ఎథిలీన్ ఒక రోజు ఇస్తే చాలు. ఆపైన గాలి మార్చాలి, ఎందుకంటే పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ ఎథిలీన్ పనికే అడ్డుపడుతుంది. మచ్చలున్న హస్తాలను గ్యాస్ పెట్టకముందే ఏరేయాలి. పెట్టాక ఏరితే అప్పటికే నిద్రలేచిన శిలీంధ్రం మార్కెట్లో బయటపడుతుంది.