తలుపు మూసిన తరువాత పెరుగన్నం

తిరుపతిలో కపిలతీర్థం దగ్గర నివసించే ఒక పాఠకురాలి ప్రశ్న ఇది. ఆరేళ్లుగా వీధంతా తనదే అన్నట్టు తిరిగిన పక్కింటి పిల్లిని, చిరుతలు కొండ దిగి యూనివర్సిటీ ఆవరణ దాకా వస్తున్నాయన్న వార్తలు చూసిన దగ్గరి నుంచి ఆ ఇంటివారు బయటికి వదలడం లేదట. తెల్లవారుజామున అది కిటికీకి కొట్టిన దోమల జాలీని గోళ్లతో గీరుతూ అరుస్తుంటే ఈమెకు నిద్ర పట్టడం లేదు; తిరుగుళ్లకు అలవాటుపడిన ప్రాణం బెంగతోనే పోతుందేమోనని ఆమె భయం. చివరలో ఊరికే అన్నట్టు ఇంకొక మాట చేర్చారు: "వాళ్లు బాగానే చూసుకుంటారు లెండి, రెండు పూటలా పాలు, పెరుగన్నం పెడతారు."

తలుపు సంగతి కన్నా ఈ చివరి మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

బెంగ విషయం త్వరగా చెప్పేస్తాను. వేకువ, మునిమాపు వేళలు పిల్లి వేటకు బయలుదేరే వేళలు కనుక అరుపులు అప్పుడే ఎక్కువగా వినిపిస్తాయి. బీరువా మీద కూర్చోవడానికి చోటు, గోళ్లు గీరుకోవడానికి గోనెపట్టా, ఎగిరి పట్టుకోవడానికి తాడుకు కట్టిన గుడ్డ ఉండ అమరిస్తే చాలా పిల్లులు మెల్లగా సర్దుకుంటాయి. వీధికుక్కలు, వాహనాలు తిరిగే బయటికన్నా ఇల్లు క్షేమమే. అయితే మూత్రం చుక్కచుక్కగా పోస్తున్నా, మగపిల్లి అసలు పోయలేకపోతున్నా ఆ రోజే పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి.

ఇక గిన్నె దగ్గరికి వద్దాం. పలమనేరు దగ్గరి పల్లెలో మా అమ్మమ్మ ఇంటి పిల్లి జన్మంతా మజ్జిగన్నమే తిని నిక్షేపంగా బతికిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. ఆ ఇంటి వెనుక గదిలో వేరుశెనగ మూటలు నిట్టనిలువుగా పేర్చి ఉండేవని, రాత్రంతా ఆ మూటల మధ్య చిట్టెలుకలు పరుగులు తీసేవని, పొద్దున కసవు ఊడ్చేటప్పుడు అప్పుడప్పుడు ఒక తోక ముక్క చీపురుకు తగిలేదని గుర్తు తెచ్చుకుంటే, ఆ పిల్లి అసలు భోజనం ఏమిటో తెలుస్తుంది. మజ్జిగన్నం మేము చూసిన భోజనం. ప్రాణం నిలిపినది మేము చూడని భోజనం.

ఆ రెండవ భోజనంలో ఉండి పెరుగన్నంలో లేని పదార్థాలలో ముఖ్యమైనది టారిన్. 1827లో టీడెమన్, గ్మెలిన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు దీనిని ఎద్దు పిత్తరసం నుంచి వేరుచేశారు. లాటిన్‌లో 'టారస్' అంటే ఎద్దు. పేరులో ఎద్దు ఉన్నా ఆవుపాలలో ఇది చాలా తక్కువ. బియ్యంలో, పప్పుల్లో లేనట్టే. మన శరీరం సిస్టీన్ అనే గంధకపు అమైనో ఆమ్లం నుంచి టారిన్‌ను తయారు చేసుకోగలదు. పిల్లి కాలేయంలో మాత్రం ఆ పని చేసే సిస్టీన్ డైఆక్సిజనేజ్, సిస్టీన్ సల్ఫినిక్ యాసిడ్ డీకార్బాక్సిలేజ్ అనే రెండు ఎంజైములూ మందకొడివే. తిన్న ప్రతి జంతువులోనూ టారిన్ సిద్ధంగా దొరుకుతుంటే దానిని వండుకునే పొయ్యి ఆరిపోయినా ఆ జాతికి నష్టం లేకపోయింది.

రాబడి ఇలా ఉంటే ఖర్చు మాత్రం ఆగదు. కొవ్వును అరిగించే పిత్తామ్లాలను ఏదో ఒక చిన్న అణువుతో జతచేయాలి; మనిషి అందుకు గ్లైసీన్‌ను కూడా వాడుకుంటాడు, పిల్లి టారిన్‌ను తప్ప మరొకదానిని వాడలేదు. అలా పేగులోకి దిగిన టారిన్‌లో కొంత తిరిగి రక్తంలోకి చేరినా, కొంత అక్కడి బాక్టీరియా పాలవుతుంది. వేడిచేసి డబ్బాలో మూసిన ఆహారం ఈ బాక్టీరియాను పెంచుతుంది కనుక, అమెరికా ప్రమాణాలు, తేమను మినహాయించి లెక్కిస్తే, పొడి పిల్లి ఆహారంలో కనీసం 0.1 శాతం టారిన్ ఉండాలంటే డబ్బా ఆహారంలో 0.2 శాతం ఉండాలంటాయి.

లోటు మొదట కంటికి, గుండెకు తగులుతుంది. 1975లో అమెరికాలో పాలలోని కేసీన్‌నే మాంసకృత్తుగా పెట్టి పెంచిన పిల్లుల్లో రెటీనా, అంటే కంటి లోపల వెలుగును గ్రహించే పొర, క్షీణించినట్టు, కారణం టారిన్ లోపమేనని పరిశోధకులు వెల్లడించారు. ఈ క్షీణత రెటీనా మధ్యలో మొదలవుతుంది. అంచులు పనిచేస్తున్నంత కాలం పిల్లి గోడలెక్కుతూ దూకుతూనే ఉంటుంది గనుక ఇంటివారికి అనుమానం రాదు, తెలిసేసరికి పోయిన చూపు తిరిగి రాదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందని సామెత చెప్పిన మన పెద్దలు, పాలు మాత్రమే తాగే పిల్లి కళ్లు ఏమవుతాయో చూసే అవసరం రాని ఇళ్లలో బతికారు. ఎదురైతే అపశకునమని తిట్టుకున్నా ఆ పిల్లిని ధాన్యం గదిలోకి మాత్రం రానిచ్చారు మరి! గుండె విషయం 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలోని పశువైద్యులు తేల్చారు: టారిన్ తక్కువైన పిల్లుల గుండె కండరం సాగి బలహీనపడుతుంది, టారిన్ అందిస్తే చాలావాటిలో కోలుకుంటుంది. ఆ తరువాత తయారీదారులు ఆహారంలో టారిన్ పెంచడంతో ఈ జబ్బు అరుదైపోయింది.

కాబట్టి తలుపు మూసినవారు ఎలుకలను, బల్లులను, తొండలను కూడా మూసేశారు. ఆ ఇల్లు శాకాహారుల ఇల్లయితే వంటగదిలో చేప ఉడికించమని చెప్పడం సబబు కాదు; పిల్లుల కోసం సంపూర్ణ ఆహారంగా తయారైన పొట్లం కొని వరండాలో వేరే పళ్లెంలో పెట్టవచ్చు. కుక్కల పొట్లం మాత్రం పనికిరాదు, కుక్క తన టారిన్‌ను చాలావరకు తానే చేసుకోగలదని దానిలో కలపకపోవచ్చు. మన పాఠకురాలి ఇంట్లో చేపలు వండుతారట. పక్కింటివారి అనుమతితో ఆమె రెండు మూడు ముక్కలు పులుసులో వేయకముందే తీసి, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా విడిగా ఉడికించి, ముళ్లు తీసి పంపవచ్చు. పచ్చిగా ఇవ్వకూడదు, కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. ఉడికిన నీళ్లు పారబోయకుండా ముక్కలతోపాటే పంపాలి. టారిన్ నీటిలో కరుగుతుంది, ముక్కలోంచి దిగిపోయింది ఆ నీళ్లలోనే ఉంటుంది.