కత్తి ముందు కరాటే: అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో సెల్ఫ్ డిఫెన్స్ నేర్పుతుంటాను. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ మొదట అడిగేది ఇదే: "సార్, కత్తి ఎట్ల గుంజుకోవాలె?"

అపోహ: టెక్నిక్ వస్తే కత్తి లాక్కోవచ్చు.

వాస్తవం: ఇది నమ్మేవాళ్లకు తెల్ల టీషర్ట్ వేయించి, ఎదుటివాడి చేతికి మూత తీసిన ఎర్ర మార్కర్ ఇస్తాను. బ్లాక్‌బెల్ట్ ఉన్న కుర్రాళ్లు కూడా ముంజేతుల మీద, పొట్ట మీద, చంక కింద ఎర్రగీతలతో తేలతారు. డెమోల్లో పొడిచేవాడు చెయ్యి చాచి అట్లే ఆగుతాడు. నిజంగా పొడవాలనుకున్నవాడు ఒక చేత్తో కాలర్ పట్టుకుని, రెండో చేత్తో ఆపకుండా పొడుస్తాడు. చాలాసార్లు కత్తి కనబడదు కూడా. గుద్దులనుకున్నవి పోట్లని రక్తం చూశాకే తెలుస్తుంది.

పర్సు, ఫోన్ అడిగితే ఇచ్చేయండి. దారుంటే ఉరకండి. మధ్యలో బల్లో, బైకో, కనీసం బ్యాగో అడ్డం పెట్టండి. ఏ దారీ లేనప్పుడే కత్తి పట్టిన చేతిని రెండు చేతులతో పట్టుకుని విడవకుండా ఉండాలి. అప్పుడూ చేతులు తెగుతాయి. అది ముందే ఒప్పుకోవాలి.

అపోహ: 21 అడుగుల దూరంలో ఉంటే సేఫ్.

వాస్తవం: అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో చెప్పింది వేరు. కత్తి పట్టినవాడు ఆ దూరాన్ని సుమారు 1.5 సెకన్లలో దాటేస్తాడు. పోలీసు తుపాకీ తీసి కాల్చడానికీ దాదాపు అంతే పడుతుంది. అంటే అక్కడే ప్రమాదం మొదలైనట్టు. మనకు తుపాకీ లేదు, మన గల్లీల్లో 21 అడుగుల ఖాళీ కూడా దొరకదు.

అపోహ: పెప్పర్ స్ప్రే ఉంటే చాలు.

వాస్తవం: బ్యాగు అడుగున చార్జర్ కింద ఉంటే లేనట్టే. ఎదురుగాలైతే మన కళ్లలోకే.

అపోహ: తిరిగి కొడితే కేసు మన మీదే.

వాస్తవం: భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. కాకపోతే అవసరానికి మించి కొట్టొద్దని 37 చెబుతుంది. వాడు కిందపడి, కత్తి దూరంగా పోయాక కూడా తన్నుతుంటే అది ఆత్మరక్షణ కాదు, లొల్లి. అందుకే మా ప్రతి డ్రిల్ ఉరికి, 112కి ఫోన్ చేయడంతోనే ముగుస్తుంది.

అపోహ: దిగిన కత్తిని వెంటనే పీకెయ్యాలి.

వాస్తవం: పీకితే రక్తస్రావం పెరగొచ్చు. కత్తిని కదలనివ్వకుండా చున్నీయో కండువాయో చుట్టూ పెట్టి అదమండి. కత్తి లేని గాయమైతే నేరుగా దానిమీదే గట్టిగా నొక్కండి. 108 వచ్చేదాకా, ఆగిందా లేదా అని మాటిమాటికీ గుడ్డ ఎత్తి చూడొద్దు. తడిస్తే దానిమీదే ఇంకోటి వేసి నొక్కండి.