రైతు లెక్కలో రెండు బోదెలు

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

రెండు మూడు టేబుళ్లను కలిపి రిపోర్టు తీస్తే మొత్తాలు ఎందుకు పెరిగిపోతున్నాయని మొన్న ఫోనులో అడిగారు. కాగితం మీద లెక్క వేసి చూపిస్తే గానీ అర్థం కాని విషయం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ తప్పు నేనూ చేశాను. దాని వల్ల ఒక రైతు మనసు కష్టపెట్టాను.

ధాన్యం మిల్లులో లెక్కలు రాసే రోజులవి. పుస్తకాల్లో ఉన్నదంతా కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలోకి ఎక్కించాం. రైతుల వివరాలకు ఒక టేబుల్, వాళ్లు మిల్లుకు తోలిన ధాన్యానికి ఒకటి, తీసుకున్న అడ్వాన్సులకు ఒకటి. ప్రతి రైతుకూ ఒక నంబరు ఇచ్చి, దాన్నే మిగతా రెండింటిలోనూ రాశాం. సార్వా ధాన్యం అంతా వచ్చాక లెక్క చీటీలు ఇవ్వడానికి నేను మూడు టేబుళ్లనూ ఒకే క్వెరీలో, అంటే టేబుళ్ల నుంచి కావలసిన వివరాలు తీసివ్వమని అడిగే ప్రశ్నలో, కలిపేశాను.

ఆ రైతు మూడు దఫాలుగా 40, 35, 25 బస్తాలు తోలాడు. అడ్వాన్సు రెండుసార్లు తీసుకున్నాడు: 10,000, 15,000. ఏ తోలకానికి ఏ అడ్వాన్సు చెందుతుందో క్వెరీకి ఏం తెలుసు? వాటి మధ్య సంబంధమే లేదు, రెండూ ఒకే రైతువి, అంతే. అందుకని అది ప్రతి తోలకాన్నీ ప్రతి అడ్వాన్సుతో జత కట్టింది. మూడు రెళ్లు ఆరు వరుసలు. 100 బస్తాలు 200 అయ్యాయి, 25,000 అడ్వాన్సు 75,000 అయింది. "బస్తాలు ఎక్కువ పడితే తగ్గించుకోండి. తీసుకోని డబ్బు నా పేరున ఎలా రాశారండీ?" అని ఆయన చీటీ చేతిలో పెట్టాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దీనికి మందు సబ్‌రిపోర్టు, అంటే ఒక రిపోర్టు లోపల పెట్టే చిన్న రిపోర్టు. ప్రధాన రిపోర్టులో రైతుల టేబుల్ ఒక్కటే ఉండాలి, ఒక్కో రైతు ఒక్కసారే రావాలి. తోలకాలకు ఒక చిన్న రిపోర్టు, అడ్వాన్సులకు మరొకటి విడివిడిగా తయారుచేసి, ప్రధాన రిపోర్టులో ఒక్కో రైతుకూ ఒకసారి అచ్చయ్యే డీటెయిల్ అనే భాగంలో ఒకదాని కింద ఒకటి పెట్టండి. మన పంట కాలువ మీద రెండు తూములు, వాటి నుంచి పొలాలకు పారే రెండు బోదెలు ఉన్నట్టు. నీళ్లు ఒకే కాలువవి, కానీ ఈ బోదె నీళ్లు ఆ బోదెలో కలవవు. 100 బస్తాలు 100గానే ఉంటాయి.

ఆ తూముకు తలుపు లాంటిది రైతు నంబరు. సబ్‌రిపోర్టు లక్షణాల్లో లింక్ మాస్టర్ ఫీల్డ్స్, లింక్ చైల్డ్ ఫీల్డ్స్ అని రెండు గడులుంటాయి, రెండింటిలోనూ ఆ నంబరున్న ఫీల్డు (టేబుల్‌లో నిలువు గడి) పేరు రాయాలి. ఖాళీగా వదిలేస్తే ఊళ్లో అందరి ధాన్యమూ ప్రతి రైతు కిందా అచ్చవుతుంది. పేరుతో మాత్రం కలపకండి పిల్లలూ. మన కోనసీమలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు వీధికి ఇద్దరు దొరుకుతారు.

ఇంకో చోట జాగ్రత్త. అడ్వాన్సే తీసుకోని రైతుకు ఆ సబ్‌రిపోర్టు ఖాళీ. దాని మొత్తాన్ని ప్రధాన రిపోర్టులోకి తెచ్చి తీసివేత చేయబోతే అంకె బదులు ఎర్రర్ అని పడుతుంది. సబ్‌రిపోర్టులో వివరాలు ఉన్నాయో లేదో చెప్పే హ్యాజ్‌డేటా అనే గుణాన్ని అడిగి, వివరాలు లేకపోతే సున్నా తీసుకోమని రాయాలి. అప్పు లేని మనిషి చీటీలోనే తప్పు కనిపిస్తే అంతకన్నా అన్యాయం ఉండదు. ప్రతి పేజీ పైనా వచ్చే పేజీ హెడర్ సబ్‌రిపోర్టులో అచ్చు కాదు కాబట్టి "తేదీ, బస్తాలు" వంటి శీర్షికలు దాని మొదట్లో వచ్చే రిపోర్టు హెడర్‌లో పెట్టండి.

రైతులు వందల్లో ఉంటే రిపోర్టు నెమ్మదిస్తుంది, ఎందుకంటే ఒక్కో రైతుకూ సబ్‌రిపోర్టు మళ్లీ వెతుక్కుంటుంది. ఆ నంబరుకు ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి పుస్తకం వెనక సూచిక లాంటిది, పెడితే చాలావరకు తీరుతుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ రిపోర్టు తెండి. పాత దాళ్వా లెక్కల పుస్తకం అటక మీద నుంచి దించి ఉంచుతాను. మూడుసార్లు తోలి రెండుసార్లు అడ్వాన్సు తీసుకున్న రైతును అందులో వెతికి, ముందు చేత్తో కూడి, తరువాత మీ చీటీతో పోల్చి చూద్దాం.

మీ తాతయ్య